హాజరుపట్టీలో ఒక జిల్లా చరిత్ర: ధర్మపురి ప్రభుత్వ బడులు

తమిళనాడులో పదో తరగతి, ప్లస్ టూ ఫలితాలు వెలువడగానే పత్రికలు జిల్లాలన్నిటినీ ఉత్తీర్ణత శాతం ప్రకారం వరుసబెట్టి అచ్చువేస్తాయి. అయితే ఆ శాతం పరీక్ష హాలులో కూర్చున్న పిల్లల లెక్క మాత్రమే. ఆ హాలు దాకా ఎవరు రాగలిగారు, ఎవరు మధ్యలో ఆగిపోయారు, ఎవరు ఫీజు కట్టి వేరే బడికి తరలిపోయారు అన్నది అందులో కనిపించదు. ధర్మపురి పట్టణంలోని ప్రభుత్వ బడుల విషయంలో చెప్పుకోవలసినది ఎక్కువగా అక్కడే ఉంది.

ఈ పట్టణంలో ప్రభుత్వ బాలుర పాఠశాలకు అదియమాన్ పేరు, బాలికల పాఠశాలకు అవ్వైయార్ పేరు పెట్టారు. సంగం కాలంలో తగడూరు అనిపించుకున్న ఈ సీమను ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజి, ఆయుష్షు పెంచే ఉసిరికాయ తనకు దొరికితే తాను తినక కవయిత్రి అవ్వైయార్‌కు ఇచ్చాడన్న కథ తమిళ పిల్లలకు చిన్ననాటి నుంచీ తెలిసినదే. కవయిత్రి పేరిట ఆడపిల్లల బడి నిలుపుకున్న ఈ జిల్లాయే 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యతలో రాష్ట్రం మొత్తానికి అట్టడుగున నిలిచింది. రాష్ట్ర సగటు 80 శాతం కాగా ధర్మపురిలో అది సుమారు 68.5 శాతం.

బడిపిల్లలను కులం వారీగా, ఆడా మగా వారీగా లెక్కించే ఆచారానికి ఈ ప్రాంతంతో ఒక పాత సంబంధం ఉంది. 1792 శ్రీరంగపట్నం సంధితో టిప్పు సుల్తాను చేతి నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన బారామహల్‌లో, అంటే ఇంచుమించు నేటి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల నేలలో, అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడిగా పనిచేసిన థామస్ మన్రో ధర్మపురిలో కొన్నేళ్లు నివసించారు. జమీందారు ప్రమేయం లేకుండా ప్రతి రైతు నుంచీ ప్రభుత్వమే నేరుగా శిస్తు వసూలు చేసే రైతువారీ పద్ధతి ఇక్కడ రూపు దిద్దుకుని, ఆయనతోపాటు దత్తమండలాలకు, అంటే రాయలసీమకు చేరింది. అదే మన్రో మద్రాసు గవర్నరుగా ఉండగా 1822లో, ప్రతి జిల్లాలో బడులెన్ని, వాటిలో ఏ కులపు పిల్లలెందరు, మగపిల్లలెందరు, ఆడపిల్లలెందరు అని కలెక్టర్ల నుంచి పట్టికలు తెప్పించారు. 1826లో ఆయన తేల్చిన మొత్తం ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు, అంటే జనాభాలో 67 మందికి ఒకరు. పరిశోధకుడు ధర్మపాల్ 1983లో ఆ పట్టికలను వెలికితీసి ప్రచురించిన తరువాత తెలుగు పాఠకులు గమనించదగిన ఒక తేడా బయటపడింది. ధర్మపురి అప్పట్లో భాగంగా ఉన్న సేలం జిల్లాలో బడికి వచ్చేవారిలో సుమారు 70 శాతం శూద్రులు, వారికి దిగువ కులాలవారు. తెలుగు జిల్లాల్లో మాత్రం బ్రాహ్మణ విద్యార్థుల వాటా కడపలో 24 శాతం నుంచి విశాఖపట్నంలో 46 శాతం దాకా ఉంది. ఆడపిల్లల గడులు మాత్రం రెండు చోట్లా దాదాపు ఖాళీయే.

ఆ గడులు నిండడానికి మరో నూట యాభై ఏళ్లు పట్టింది. అందుకు దారితీసిన ప్రభుత్వ చర్యలు ఎక్కువగా పాఠ్యపుస్తకాలకు సంబంధించినవి కావు, అన్నానికి సంబంధించినవి. జస్టిస్ పార్టీ కాలంలో 1920 ప్రాంతంలో మద్రాసు నగర బడుల్లో మొదలైన మధ్యాహ్న భోజనాన్ని ముఖ్యమంత్రి కామరాజ్ 1950ల మధ్యలో రాష్ట్రమంతటా విస్తరింపజేయగా, 1982లో ఎం.జి.రామచంద్రన్ దానిని పౌష్టికాహార పథకంగా పెంచారు. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడిపోయి ఏర్పడిన ధర్మపురి వంటి వానాధార జిల్లాలో, అంటే రాగి, చింత, మామిడి పంటలకు తోడు వలస కూలి మీద బతికే చోట, ఆ భోజనం బిడ్డను బడికి పంపడానికి చాలినంత కారణమైంది. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి వేరే జిల్లా కావడంతో హోసూరు పరిశ్రమలు అటు పోయాయి. ధర్మపురికి మిగిలినది బెంగుళూరు, తిరుప్పూరు పోయే కూలి దారి, నల్లగొండ వాసులకు బాగా తెలిసిన ఫ్లోరైడు నీరు. హోగెనకల్ కావేరి నీటిని తెచ్చే పథకం 2013లో గానీ ప్రారంభం కాలేదు.

ఆడపిల్లల విషయం ఇంతకన్నా కటువైనది. ఆడశిశువుల హత్యలకు అపకీర్తి పొందిన జిల్లాల్లో సేలంతోపాటు ధర్మపురి కూడా ఉంది. వద్దనుకున్న బిడ్డను చంపకుండా ప్రభుత్వానికి అప్పగించే వీలు కల్పించే ఊయల పథకాన్ని 1992లో సేలంలో ప్రారంభించి 2001లో ఇక్కడికి కూడా తెచ్చారు. కాబట్టి నేడు అవ్వైయార్ పాఠశాల వంటి బడిలో పన్నెండో తరగతిలో కూర్చున్న అమ్మాయిల సంఖ్యను చదువు గణాంకంగా మాత్రమే చూడడం పొరపాటు. బతికి ఉండడం, పెళ్లి వాయిదా పడడం రెండూ అందులో కలిసి ఉన్నాయి. 1989లో సంఘసంస్కర్త మూవలూరు రామామృతం పేరిట మొదలైన పెళ్లి సాయం నిర్ణీత తరగతి దాకా చదివిన పేద అమ్మాయిలకే దక్కేది. 2022 సెప్టెంబరులో ఆ పథకాన్నే మార్చి, ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివి పైచదువుకు వెళ్లే అమ్మాయికి నెలకు 1,000 రూపాయలిచ్చే పుదుమై పెణ్ పథకంగా తీర్చారు. పెళ్లి ఖర్చుకిచ్చే డబ్బు కళాశాల ఖర్చుకు మళ్లడం చిన్న మార్పు కాదు.

తెలుగునాట సాధారణంగా లేని మరో సదుపాయం కూడా ఇక్కడ పనిచేసినట్టు తోస్తుంది. ఆంధ్ర, తెలంగాణల్లో పదో తరగతి కాగానే ఎక్కువమంది పిల్లలు బడి వదిలి జూనియర్ కళాశాల వెతుక్కోవాలి. తమిళనాడు 1978లో ప్లస్ టూ ప్రవేశపెట్టినప్పుడు ఆ రెండేళ్లనూ ఉన్నత పాఠశాలలోనే చేర్చింది. పదిహేనేళ్ల పిల్లను కొత్త ఊరికి, కొత్త ఫీజుకు, కొత్త అనుమానాలకు అప్పగించనవసరం లేకుండా అదే బడి, అదే దారి మరో రెండేళ్లు సాగుతాయి. 2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రమంతటా అమ్మాయిలు 94.53 శాతం, అబ్బాయిలు 88.58 శాతం ఉత్తీర్ణులు కావడం వెనుక కష్టపడే స్వభావం గురించిన మామూలు పొగడ్తకన్నా, చదువు పదితో ఆగిపోదన్న భరోసా ఇచ్చే ఈ ఏర్పాటుకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

అదే ఏడాది మొత్తం ఉత్తీర్ణత 91.55 శాతం కాగా ప్రభుత్వ బడులలో అది 87.90. ఈ వ్యత్యాసం బోధనలోని తేడా అని చెప్పడం సులువు, కానీ ఎవరు ఎక్కడ చేరుతున్నారన్నది ముందు చూడాలి. నామక్కల్ జిల్లా ప్రైవేటు రెసిడెన్షియల్ బడులు తెలుగునాట కార్పొరేట్ కళాశాలలు చేసినట్టే, మార్కులొచ్చే పిల్లలను ఏరుకుని పదకొండో తరగతి పాఠాలను పక్కనబెట్టి రెండేళ్లూ పన్నెండో తరగతి పాఠాలే వల్లె వేయించేవి. దాన్ని ఆపడానికే ప్రభుత్వం 2017లో రాష్ట్రస్థాయి ర్యాంకుల ప్రకటన మానేసి, 2017-18 నుంచి పదకొండో తరగతికీ పబ్లిక్ పరీక్ష పెట్టింది. ఆ పరీక్షను 2025లో ఎత్తివేసింది. ఇక వైద్య విద్యలో 2020లో ప్రభుత్వ బడి పిల్లలకు కేటాయించిన 7.5 శాతం సీట్లకు ఆరో తరగతి నుంచి ప్రభుత్వ బడిలోనే చదివి ఉండాలన్న షరతు ఉండడంతో, ధర్మపురి తల్లిదండ్రులకు ప్రైవేటు బడికి మారడంలో నష్టం కూడా ఉండవచ్చని మొదటిసారి తెలిసింది.

పిల్లల కులాల చిత్రమూ రాజకీయ చరిత్రలోంచి పుట్టినదే. వన్నియర్లు అధికంగా ఉన్న ఈ సీమకు రిజర్వేషన్ కోసం వారు చేసిన 1987 ఆందోళన, దాని ఫలితంగా 1989లో మిక్కిలి వెనుకబడిన తరగతులకు ఏర్పడిన 20 శాతం కోటా ఇప్పటికీ సజీవ విషయాలు. వన్నియర్లకు అందులో విడిగా 10.5 శాతం ఇచ్చిన 2021 చట్టం సుప్రీంకోర్టులో 2022లో నిలవలేదు. 2009లో షెడ్యూల్డు కులాల 18 శాతంలో అరుందతియర్లకు 3 శాతం విడిగా ఇచ్చిన ఏర్పాటు మాత్రం నిలిచింది. తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసినది ఈ రెండోదే, ఎందుకంటే పశ్చిమ తమిళ జిల్లాల అరుందతియర్లలో చాలామంది ఇంటి భాష తెలుగు. పారిశుద్ధ్యపు పనిలో, చర్మపు పనిలో తరతరాలుగా ఉన్న ఆ కుటుంబాల పిల్లలు ప్రభుత్వ బడిలో తమిళ విద్యార్థులుగానే లెక్కకు వస్తారు.

2011 లెక్కల ప్రకారం తమిళనాడు జనాభాలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు 5.87 శాతం. 2006 తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తమిళాన్ని నిర్బంధం చేస్తూ 2015-16లో పదో తరగతికి చేరినప్పుడు, భాషాల్పసంఖ్యాకులు కోర్టుల్లో ఏడాదికోసారి మినహాయింపులు తెచ్చుకున్నారు. ఆ వ్యాజ్యాలు ఎక్కువగా తెలుగు మాధ్యమ బడులున్న హోసూరు వంటి చోట్ల నుంచి వచ్చిన వాదనలు. తమిళ మాధ్యమంలోనే చేరిన ధర్మపురి తెలుగు పిల్లకు అలాంటి మినహాయింపు అడిగే సందర్భమే రాదు. ఫలితాల పట్టిక ఆడా మగా తేడాను, ప్రభుత్వ ప్రైవేటు తేడాను చూపుతుంది గానీ ఇంటి భాషను చూపదు. అందువల్ల ఆ పిల్ల తమిళ పేపరులో తక్కువ మార్కులు తెచ్చుకుంటే చదువులో మందకొడి అన్న గడిలోనే పడుతుంది.