ఉపమానాలతో క్రైస్తవ మతబోధ (గుంటూరు, ప్రకాశం జిల్లాలు)

మిషన్ ప్రాథమిక పాఠశాలల్లో, చర్చి సండే స్కూళ్లలో యేసు చెప్పిన ఉపమానాలను ఆధారం చేసుకొని పిల్లలకు సాగే బోధన. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్, 1866లో ఒంగోలులో స్థిరపడిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఈ ప్రాంతంలో మిషన్ పనికి ముఖ్యులు. క్రైస్తవంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీ కుటుంబాలవారే.

విత్తువాని ఉపమానం (మత్తయి 13) ఇక్కడి పిల్లలకు వివరణ లేకుండానే సగం అర్థమవుతుంది: డొంకదారి, రాతినేల, ముళ్లకంప, నల్లరేగడి వాళ్లు రోజూ చూసేవే. గోధుమల్లో గురుగుల కథకు మాత్రం పత్తిచేలో కలుపును చూపించాల్సి వస్తుంది. అసలు చిక్కు ద్రాక్షతోట కూలీల కథతో (మత్తయి 20). పొద్దున్నే వచ్చినవారికీ పొద్దుగూకే వేళ చేరినవారికీ ఒకటే కూలి అంటే, మిరపకోతకు వెళ్లే ఇంటి పిల్లలు ఒప్పుకోవడం కష్టం. ఆ అభ్యంతరాన్ని అణచకుండా చర్చకు పెట్టే ఉపాధ్యాయుడికే పాఠం పండుతుంది. కథ చెప్పగానే నీతి అప్పజెప్పించడం ఈ పద్ధతిలోని పాత జబ్బు.

రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడుల్లో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా సహాయం పొందే బడుల్లో మైనర్లకు సంరక్షకుల సమ్మతి తప్పనిసరి.