వెండినదికి ఆవలి యొడ్డున

దేశాంతరగమనమునకు కారణము లడిగినచో మన పెద్దలు తీర్థయాత్ర, వర్తకము, విద్య అను మూడింటిని చెప్పెడివారు. ఇరువదవ శతాబ్దము వీనికి నాలుగవదానిని చేర్చినది. అది ఆట చూచుట. బంతియాట కొరకు జలములు దాటిన ప్రేక్షకుల చరిత్రలో 1930వ సంవత్సరము జూలై మాసము మరువరానిది. ఆ కథకు రంగస్థలము దక్షిణ అమెరికాలో ఉరుగ్వే రాజధానియగు మోంటెవిడియో నగరమందలి సెంటెనారియో స్టేడియము.

ఉరుగ్వే చిన్న దేశము. నాటి జనసంఖ్య 20 లక్షలకు లోపే. అయినను 1924లో పారిస్‌లోను, 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లోను జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఫుట్‌బాల్ స్వర్ణపతకము దానికే దక్కెను. 1930 జూలై 18వ తేదీకి ఆ దేశపు తొలి రాజ్యాంగమునకు నూరేండ్లు నిండనుండెను. ఆ ఉత్సవ సంవత్సరమున తొలి ప్రపంచ కప్ పోటీలను తమ గడ్డపై జరిపింపవలెనని ఉరుగ్వే కోరెను; వచ్చు జట్ల ప్రయాణవ్యయమును, వసతివ్యయమును తానే భరింతునని మాట యిచ్చెను. అట్లయినను యూరపు నుండి వచ్చినవి నాలుగు జట్లు మాత్రమే. ఫ్రాన్సు, బెల్జియము, రుమేనియా జట్లు కాంటే వెర్డే అను ఓడపై, యుగోస్లావియా మరియొక ఓడపై అట్లాంటిక్ మహాసముద్రమును దాటినవి. కాంటే వెర్డే ప్రయాణమునకు రెండు వారములు పట్టెను. ఆటగాండ్రు ఓడపైననే వ్యాయామము చేసికొనుచు వచ్చిరి. ఫిఫా అధ్యక్షుడు జూల్ రిమే, ఆయనతోపాటు గెలుపు కప్పు, ఆ ఓడలోనే ఉండిరి.

ఈ పోటీల కొరకే హువాన్ ఆంటోనియో స్కాసో అను వాస్తుశిల్పి సెంటెనారియోను నిర్మించెను. శతవార్షికమును సూచించుటయే ఆ పేరునకు అర్థము. రేయింబవళ్లు పనిచేసి రమారమి 8 నెలలలో దానిని లేపిరి. వర్షముల వలన పని వెనుకబడగా తొలి ఆటలు నగరమందలి ఇతర మైదానములలో జరిగినవి. జూలై 18వ నాడే దాని ద్వారములు తెరచిరి. ఆనాడు ఉరుగ్వే పెరూను ఒక గోలుతో ఓడించెను. ఆ గోలు వేసినవాడు ఎక్టర్ కాస్ట్రో. బాల్యమున ఒక ప్రమాదములో కుడిచేతిని పోగొట్టుకొన్నవాడు. ప్రేక్షకుల శ్రేణులకు కొలోంబ్, ఆమ్‌స్టర్‌డామ్ అని ఒలింపిక్ విజయస్థలముల పేర్లు పెట్టిరి.

తుది ఆటకు చేరినవి ఉరుగ్వే, అర్జెంటీనా. ఈ రెండును ఇరుగుపొరుగు దేశములు. ఒకే భాష, ఒకే టాంగో సంగీతము. మధ్యనున్నది రియో దె లా ప్లాటా, అనగా వెండినది. నది యను పేరే గాని, దాని ముఖద్వారము సముద్రమువలె విశాలము. బ్యూనస్ అయిరిస్ నుండి మోంటెవిడియోకు జలమార్గమున సుమారు 200 కిలోమీటర్లు. 1928 ఒలింపిక్ తుది ఆటలోను ఈ రెండు జట్లే తలపడినవి. తొలుత సరిసమానమై, తిరిగి ఆడగా ఉరుగ్వే 2-1తో గెలిచెను. ఆ ఋణము తీర్చుకొనవలెనని అర్జెంటీనావారి పట్టుదల.

తుది ఆట జూలై 30న. దానికి ముందు బ్యూనస్ అయిరిస్ రేవు తిరునాళ్లవలె కిటకిటలాడెను. అద్దెకు కుదుర్చుకొన్న ఓడలలో వేలకొలది జనులు బయలుదేరిరి. అది అచ్చట చలికాలము. నదిపై దట్టమైన మంచు క్రమ్మెను. కొన్ని ఓడలు ఆ మంచులో చిక్కుకొని ఆట ముగిసిన పిమ్మట గాని గట్టు చేరలేదు. పాపము, ఆ ఓడలలోని వారికి యాత్రయే మిగిలినది గాని దర్శనము కాలేదు.

చేరిన వారిని స్టేడియము వాకిట ఆయుధముల కొరకు సోదా చేసి లోనికి విడిచిరి. తీర్పరియగు బెల్జియము దేశీయుడు జాన్ లాంగెనస్ తన ప్రాణరక్షణకు హామీ యిచ్చిననే గాని ఆట నడపనని చెప్పెను. ఆట ముగియగనే పోవుటకు ఓడ సిద్ధముగా నుండవలెనని కోరెను. ఎవరి బంతితో ఆడవలెనన్న తగవు సైతము వచ్చెను. మొదటి సగమునకు అర్జెంటీనా బంతి, రెండవ సగమునకు ఉరుగ్వే బంతి అని తీర్పు జరిగెను.

అధికార లెక్క ప్రకారము ఆనాటి ప్రేక్షకులు 68,346 మంది. మొదట ఉరుగ్వే గోలు వేసినను, విరామమునకు అర్జెంటీనా 2-1తో ముందుండెను. నది దాటి వచ్చినవారి ఆనందమునకు మేర లేదు. కాని రెండవ సగమున సేయా, ఇరియార్టే వరుసగా గోలులు వేసిరి. చివరి నిమిషములలో కాస్ట్రో నాలుగవది వేసెను. ఉరుగ్వే 4-2తో తొలి ప్రపంచ విజేత యయ్యెను. మరునాడు ఆ దేశమంతట సెలవు ప్రకటించిరి.

స్వగ్రామమున ఓడినవాడు తలుపు మూసికొని దుఃఖింపవచ్చును. పరదేశమున ఓడినవానికి ఆ సౌకర్యము లేదు. గెలిచినవారి వీథులగుండ నడచి, రేవు చేరి, రాత్రియంతయు నీటిపై గడపి ఇల్లు చేరవలెను. దూరమేగి ఆట చూచువాడు ఈ రెంటికిని ముందే సమ్మతించి బయలుదేరుచున్నాడు. బ్యూనస్ అయిరిస్‌లో మాత్రము ఆ ఓర్మి నిలువలేదు. మూకలు ఉరుగ్వే కాన్సలేటుపై రాళ్లు రువ్వినవి. రెండు దేశముల ఫుట్‌బాల్ సంఘముల సంబంధములు తెగినవి. ఇచట గమనింపవలసిన దొకటి కలదు. ఆ రాళ్లు రువ్వినది ఆట చూడక, వార్త మాత్రము విన్న నగరము. కన్నులార చూచినవారు ఇంకను నదిపైననో, ఆవలి యొడ్డుననో ఉండిరి.

ఆ తుది ఆట ఆడినవారిలో కడపటి వాడు అర్జెంటీనాకు చెందిన ఫ్రాన్సిస్కో వరాల్లో. నూరేండ్లు జీవించి 2010లో మరణించెను. ఎనుబదేండ్లు గడచినను ఆ ఓటమి బాధ తన్ను వీడలేదని ఆయన చెప్పుకొనెడివాడు.

సెంటెనారియోను 1983లో ఫిఫా ప్రపంచ ఫుట్‌బాల్ స్మారకముగా ప్రకటించెను. దానిలోనే ఒక ప్రదర్శనశాల కలదు. నాడు రాత్రియంతయు సాగిన నదీప్రయాణమును నేడు వేగనౌకలు కొలది గంటలలో ముగించుచున్నవి. శతవత్సరముల స్మృతిగా 2030 ప్రపంచ కప్‌లో ఒక ఆటను ఇచ్చట జరుపుటకు నిర్ణయమైనది. నాడు మంచులో చిక్కుకొని ఆట చూడలేకపోయినవారి మనుమలు, మునిమనుమలు అప్పుడు ఆ నదిని మరల దాటవచ్చును. వారికి ఆకాశము నిర్మలముగా నుండుగాక.