మచ్చికైనా పెంపుడు కాని జంతువు: ఏనుగుల సంతతి చరిత్రలో దక్షిణాది శిబిరాలు, ఐరోపా జంతుశాలలు

తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల తూర్పు పాదాన వెలసిన రాజపాళయం, విజయనగర కాలంలోనూ ఆ తరువాతా ఆంధ్రదేశం నుంచి తరలివచ్చిన రాజుల కుటుంబాలు నేటికీ ఇంట తెలుగు మాట్లాడుకుంటున్న పట్టణం. దానికి సుమారు పది కిలోమీటర్ల దూరంలోని శ్రీవిల్లిపుత్తూరు, కృష్ణదేవరాయల ఆముక్తమాల్యదకు కథాస్థలం కావడంవల్ల తెలుగు పాఠకులకు చిరపరిచితం. ఈ రెండు ఊళ్లకూ పడమట నిలిచిన కొండల్లో అడవి ఏనుగుల మందలు తిరుగుతాయి. 1988లో అక్కడ నెరసిన బొచ్చుగల పెద్ద ఉడుత కోసం అభయారణ్యం ఏర్పడగా, తరువాతి కాలంలో ఆ అడవులు ఏనుగుల రిజర్వులోనూ, 2021లో శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై పులుల రిజర్వులోనూ చేరాయి. కొండమీద స్వేచ్ఛగా తిరిగే మంద, కొండకింద కోవెలలో సంకెలతో ఒంటరిగా నిలిచే ఆడ ఏనుగు ఒకే జిల్లాలో కనిపించే ఈ ప్రాంతం, మనిషి చేతిలో ఏనుగు సంతతి ఎందుకు అరుదైందో, ఎక్కడ ఎలా సాధ్యపడిందో పరిశీలించడానికి అనువైన చోటు.

రాజపాళయం పేరు దేశమంతటా తెలియడానికి ఒక కారణం ఆ ఊరి వేటకుక్క. తెల్లని ఒళ్లు, గులాబిరంగు ముక్కు గల ఈ జాతిని పెంపకందార్లు తరతరాలుగా తమకు నచ్చిన లక్షణాలు గల జంటలను ఎంచి ఈనించి తీర్చిదిద్దారు. అలా మనిషి ఎంపికవల్ల వంశపారంపర్యంగా మారిపోయిన జంతువునే పెంపుడు జంతువు అంటారు. ఏనుగు విషయంలో ఇది ఎన్నడూ జరగలేదు. వేల సంవత్సరాలుగా యుద్ధంలో, ఊరేగింపులో, అడవి పనిలో మనిషికి తోడుగా ఉన్నప్పటికీ, దాదాపు ప్రతి తరంలోనూ ఏనుగులను అడవినుంచే పట్టి తెచ్చి మచ్చిక చేశారు తప్ప, మనుషుల మధ్య పుట్టిన ఏనుగుల నుంచి మళ్లీ ఏనుగులను ఎంచి ఒక జాతిని తయారు చేయలేదు. కుక్క సుమారు రెండు నెలలకే ఈనుతుంది, పిల్ల ఏడాదిలోనే ఎదుగుతుంది. ఏనుగు దాదాపు ఇరవై రెండు నెలలు గర్భం మోస్తుంది, ఒక కాన్పుకూ మరో కాన్పుకూ మధ్య నాలుగైదేళ్లు తీసుకుంటుంది, గున్న పనికి రావడానికి పదేళ్లకు పైగా పడుతుంది. అంతకాలం మేపి పెంచడం కన్నా ఎదిగిన ఏనుగును అడవిలో పట్టడమే చవక అన్న లెక్క రాజులకూ, ఆ తరువాత కంపెనీ ప్రభుత్వానికీ ఒకేలా తోచింది.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ లెక్కకు అతి ప్రాచీన సాక్ష్యాల్లో ఒకటి. అందులో రాజ్యపు సరిహద్దున ఏనుగుల కోసం ప్రత్యేకంగా కాపాడవలసిన నాగవనాల ప్రస్తావన, ఏనుగుల బాధ్యత చూసే హస్త్యధ్యక్షుని విధుల వివరణ ఉన్నాయి. వేసవిలో ఏనుగులను పట్టాలనీ, ఇరవై ఏళ్ల వయసున్న ఏనుగు పట్టదగినదనీ, గున్నలనూ, జబ్బుపడినవాటినీ, చూలుతో ఉన్నవాటినీ, పాలిచ్చే తల్లులనూ విడిచిపెట్టాలనీ అది చెబుతుంది. అంటే ఏనుగుల సంతతిని పెంచే పని అడవికే అప్పగించి, ఆ అడవిని కాపాడడం రాజు వంతు అన్నది ఆ శాస్త్రం అనుసరించిన మార్గం. మొత్తం మీద ఇది వివేకంగల ఏర్పాటే. అయితే అడవి విస్తారంగా ఉన్నంతకాలమే అది చెల్లుబాటవుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో కలప కోసం, తోటల కోసం అడవులు తరిగిపోవడంతో ఆ సమతూకం చెదిరింది. మద్రాసు ప్రభుత్వం 1873లోనే అడవి ఏనుగుల రక్షణకు చట్టం చేయగా, 1879లో అటువంటి చట్టమే బ్రిటిషు ఇండియాకు వచ్చింది. ఏనుగుల దారిలో గోతులు తవ్వి పైన కొమ్మలు కప్పి పట్టే పద్ధతి మద్రాసు రాష్ట్రంలో సాగగా, మందను మొత్తంగా కంచెలోకి తోలే ఖెడ్డా పద్ధతి మైసూరులో 1870 దశకంలో శాండర్సన్ అనే అధికారి చేతిలో స్థిరపడి, 1971లో కాకనకోటెలో చివరిసారిగా జరిగింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులోకి 1977లో ఏనుగును చేర్చడంతో పట్టివేత శకం ముగిసింది.

పట్టి తెచ్చిన ఏనుగులతో మద్రాసు అటవీశాఖ నీలగిరుల ముదుమలైలోనూ, ఆనైమలై కొండల్లోనూ నడిపిన కలప శిబిరాల్లో, ఎవరూ ప్రత్యేకంగా తలపెట్టకుండానే ఏనుగులు ఈనసాగాయి. పగలు దుంగలు లాగిన ఏనుగులను సాయంత్రం నదిలో కడిగి, రాగి ముద్దలు పెట్టి, కాలికి పొడవాటి గొలుసు తగిలించి అడవిలోకి వదిలేవారు. తెల్లవారుజామున మావటులు నేలమీద గొలుసు ఈడ్చిన జాడను పట్టుకుని వెతికి తెచ్చుకునేవారు. ఆ రాత్రి మేతలో శిబిరపు ఆడ ఏనుగులు అడవి మగ ఏనుగులను కలిసేవి. మలసర్, కురుంబ, కాట్టునాయకర్, ఇరుల గిరిజనుల తరాల అనుభవం, గర్భిణికి పని తగ్గించి బాలింతకు విశ్రాంతినిచ్చే శాఖా నియమాలు, ఏనుగుల వైద్యుడుగా ప్రసిద్ధికెక్కిన వి. కృష్ణమూర్తి వంటివారి శ్రద్ధ ఆ గున్నలను బతికించాయి. ఆ శిబిరాల దశాబ్దాల రికార్డులను కృష్ణమూర్తితో కలిసి పరిశీలించిన శాస్త్రవేత్త రామన్ సుకుమార్ బృందం 1997లో ప్రచురించిన అధ్యయనం, అక్కడి జననాల రేటు అడవి మందలకు దీటుగా ఉందనీ, బయటినుంచి పట్టి తేకపోయినా ఆ సంఖ్య నిలబడగలదనీ తేల్చింది.

ఇదే కాలంలో ఐరోపా జంతుశాలల చరిత్ర మరో దారిన నడిచింది. వియన్నాలోని షోన్‌బ్రూన్ జంతుశాలలో 1906లో పుట్టిన మేడీ, ఐరోపా జంతుశాలలోనే కడుపున పడి అక్కడే పుట్టిన తొలి ఏనుగుగా పేరు పొందింది. అయినా ఆ తరువాత దశాబ్దాల తరబడి అటువంటి జననాలు అరుదుగానే మిగిలాయి. మదం, అంటే మగ ఏనుగులో లైంగిక హార్మోను విపరీతంగా పెరిగి, కణతల గ్రంథులు స్రవించి, కోపం అదుపు తప్పే దశ, ఇరుకైన ఏనుగుల శాలల్లో ప్రాణాంతకం కాబట్టి చాలా జంతుశాలలు ఆడ ఏనుగులనే ఒకటి రెండు చొప్పున కొని పెట్టుకున్నాయి. లండన్ జంతుశాలలో పెరిగిన జంబో అనే ఆఫ్రికా మగ ఏనుగును 1882లో అమెరికా సర్కస్ వ్యాపారి బార్నమ్‌కు అమ్మివేయడానికీ ఈ భయమే ఒక కారణం. చనిపోయిన ఏనుగు స్థానంలో మరొకదాన్ని ఆసియానుంచి దిగుమతి చేసుకోగలిగినంత కాలం సంతతి గురించి ఆలోచించే అవసరం ఎవరికీ రాలేదు.

అంతరించే ప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం 1975లో అమల్లోకి వచ్చి, ఆసియా ఏనుగు వ్యాపారాన్ని దాదాపు నిషేధించడంతో ఆ దారి మూసుకుపోయింది. 1985లో ఐరోపా జంతుశాలలు ఉమ్మడి సంతతి కార్యక్రమాలను ప్రారంభించి, క్రమంగా ఏనుగులనూ వాటి పరిధిలోకి తెచ్చాయి. వీటికి ఆధారం వంశావళి పుస్తకం: ప్రతి ఏనుగు తల్లిదండ్రులు, పుట్టుక, బదిలీ, మరణం అందులో నమోదు చేసి, దగ్గరి బంధువుల మధ్య సంతానం కలగకుండా ఏ మగ ఏనుగు ఏ దేశానికి వెళ్లాలో సమన్వయకర్త సూచిస్తాడు. రక్తపరీక్షలతో ఆడ ఏనుగు ఋతుచక్రాన్ని లెక్కకట్టడం నేర్చుకున్నాక, ఆ చక్రం పదమూడు నుంచి పదిహేడు వారాలు పడుతుందనీ, గర్భధారణకు అనువైన రోజులు ఏడాదికి మూడు నాలుగు సార్లు మాత్రమే వస్తాయనీ స్పష్టమైంది. చాలాకాలం ఈనకుండా ఉండిపోయిన ఆడ ఏనుగుల గర్భాశయంలో కంతులు పెరిగి అవి గొడ్డువోతాయన్న సంగతిని బెర్లిన్ పరిశోధకులు కనుగొన్నారు. కృత్రిమ గర్భధారణ ద్వారా ఐరోపాలో తొలి గున్న అబు 2001లో వియన్నాలోనే పుట్టింది.

విజ్ఞానం ఇంత పెరిగినా ఫలితాలు చాలాకాలం విచారకరంగానే ఉన్నాయి. 2008లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం ఐరోపా జంతుశాలల్లో పుట్టిన ఆసియా ఆడ ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం, అంటే సగం ఏనుగులు చనిపోయేసరికి గడిచిన వయసు, 18.9 ఏళ్లు కాగా, బర్మా కలప శిబిరాల్లో దుంగలు లాగిన ఏనుగుల్లో అది 41.7 ఏళ్లు. ఒక జంతుశాల నుంచి మరో జంతుశాలకు తరలించడం కూడా వాటి ఆయుష్షును తగ్గిస్తున్నట్లు అందులో తేలింది. దీనికి తోడు పిల్ల ఏనుగుల్లో రక్తనాళాలను దెబ్బతీసి ఒకటి రెండు రోజుల్లోనే చంపగల హెర్పిస్ వైరస్‌ను 1990 దశకంలో అమెరికాలో గుర్తించారు. 2014లో విశాలమైన కొత్త ఆవరణ కట్టిన జూరిచ్ జంతుశాల సైతం 2022లో ఈ వైరస్‌కు మూడు చిన్న ఏనుగులను కోల్పోయింది. ఒడిశాలోని నందన్‌కానన్‌లో 2019లో నాలుగు గున్నలు ఇలాగే చనిపోయాయి.

ఈ దెబ్బలనుంచి ఐరోపా నేర్చుకున్న పాఠాలు గమనించదగ్గవి. తల్లి, కూతుళ్లు, మనవరాళ్లు గల మందను విడదీయకుండా ఉంచడం, పెద్ద ఆడ ఏనుగుల సమక్షంలో కాన్పు జరగనివ్వడం, సంకెలలు విప్పి రాత్రంతా తిరగనివ్వడం, అంకుశం పక్కనపెట్టి కమ్మీల అవతలినుంచి బహుమానంతో శిక్షణ ఇవ్వడం క్రమంగా ఆచారమయ్యాయి. ముదుమలై శిబిరాల్లో రాత్రి అడవి ఉచితంగా ఇచ్చినదాన్నే ఐరోపా కోట్లు వెచ్చించి ఆవరణల్లో కొంతవరకు నిర్మించుకోవలసి వచ్చింది.

భారతదేశం ఈ విషయంలో మరో నిర్ణయం తీసుకుంది. జంతుశాలల్లోనూ సర్కసుల్లోనూ ఉన్న ఏనుగులను అటవీ శిబిరాలకు, అభయారణ్యాలకు తరలించాలని కేంద్ర జంతుశాలల ప్రాధికార సంస్థ 2009 నవంబరులో ఆదేశించింది. అయితే ఆలయ ఏనుగులు ఆ ఆదేశంలో లేవు. శ్రీవిల్లిపుత్తూరు ఆలయానికి అస్సాం నుంచి వచ్చిన ఆడ ఏనుగు విషయమై 2022లో రెండు రాష్ట్రాల మధ్య వివాదం రేగింది. విరుదునగర్ జిల్లాలోనే ప్రైవేటు పోషణలో ఉన్న లలిత అనే ముసలి ఏనుగు దుస్థితిని స్వయంగా చూసిన మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం 2023లో ఇక ఆలయాలుగానీ వ్యక్తులుగానీ కొత్తగా ఏనుగులను సంపాదించరాదని చెప్పింది. ఆలయ ఏనుగులను ఏటా కొన్ని వారాలు అడవి అంచున ఒకచోట చేర్చే విశ్రాంతి శిబిరాలను తమిళనాడు 2003లో మొదలుపెట్టింది. అవి మంచి పనే అయినా, మిగిలిన ఏడాదంతా ఒంటరిగా బతికే ఆడ ఏనుగుకు మందనూ సంతతినీ అవి ఇవ్వలేకపోయాయి.

ఈ చరిత్ర మొత్తం తేల్చేది ఒక్కటే. మనిషి చేతిలో ఏనుగు సంతతి నిలిచిన ప్రతిచోటా మనిషి తన అదుపును కొంత వదులుకున్నాడు. మందనూ మేతనూ జోడునూ ఏనుగు ఎంపికకు విడిచిపెట్టాడు. అదుపు బిగించిన చోట వైద్యమూ ధనమూ ఎంత ఉన్నా ఏనుగు అరుదుగానే చూలు దాల్చింది, దాల్చినా తరచు పిల్ల దక్కలేదు. అందువల్ల కోవెలలో ఇప్పటికే ఉన్న ఏనుగులకు తోడునూ తిరుగాడే నేలనూ సమకూర్చడం, వాటి తరువాత మరొకదాన్ని తేకుండా ఉండడం, శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై కొండల్లో మందలు నడిచే దారులను తోటలకూ కట్టడాలకూ ఇవ్వకుండా కాపాడడం ఈ తరం నెరవేర్చవలసిన ధర్మం.