డంపింగ్ (అంతర్జాతీయ వాణిజ్యం)

ఉత్పత్తిదారు తన సరుకును స్వదేశంలో అమ్ముకునే ధర కంటే తక్కువకు పరదేశానికి అమ్మడాన్ని డంపింగ్ అంటారు. కారుచౌక దిగుమతులన్నిటికీ పత్రికలు ఈ మాట వాడుతున్నా చట్టం అర్థం అంత విశాలమైనది కాదు. ఎంత చౌకగా అమ్మినా స్వదేశంలోనూ అదే ధర ఉంటే, అది ఖర్చులకు సరిపోతుంటే, డంపింగ్ కింద రాదు. ప్రభుత్వ సబ్సిడీ వల్ల తగ్గిన ధరకు నియమాలు వేరు, సుంకం వేరు.

చరిత్ర

ఈ విషయంపై తొలి సమగ్ర గ్రంథం 1923లో జేకబ్ వైనర్ రాసినది. ఇలాంటి ఫిర్యాదులు 16, 17 శతాబ్దాల నుంచే ఉన్నాయని ఆయన చూపాడు. డంపింగ్‌ను అడ్డుకునే తొలి చట్టం ఏదన్న దానిపై కొంత భేదం ఉంది. 1902 నాటి బ్రస్సెల్స్ చక్కెర ఒప్పందాన్ని ముందు మెట్టుగా చూపేవారున్నారు. అయితే అది ఎగుమతి బౌంటీలకు (సబ్సిడీలకు) సంబంధించినది కనుక, 1904లో కెనడా ఆర్థిక మంత్రి ఫీల్డింగ్ తెచ్చిన చట్టాన్నే మొదటిదిగా లెక్కించడం సబబు. అమెరికా ఉక్కు రైలు పట్టాలపై కెనడా తయారీదారుల మొర దాని వెనుక ఉంది. 1947 గాట్ ఒప్పందం ఆరవ అధికరణంలో డంపింగ్ వ్యతిరేక నియమం చేరింది. నేటి ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 1995 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

లెక్క కట్టే తీరు

వివాదమంతా ఇక్కడే. రెండు ధరలనూ సాధారణంగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి తెచ్చి పోలుస్తారు. కిలో సరుకు స్వదేశంలో గేటు దగ్గర 100 రూపాయలు, ఓడలోకి ఎక్కించేసరికి ఎగుమతి ధర 92 అనుకుందాం. రేవు దాకా రవాణా, ఎగుమతి ఖర్చులు 7 తీసేస్తే మిగిలేది 85. తేడా 15. దాన్ని ఎగుమతి ధరతో భాగిస్తే డంపింగ్ మార్జిన్ దాదాపు 17.6 శాతం.

మార్జిన్ 2 శాతం లోపు ఉంటే దర్యాప్తు ఆపాలి. అంతకు మించినా, దేశీయ పరిశ్రమకు నష్టం జరిగిందని, ఆ నష్టం ఈ దిగుమతుల వల్లేనని రుజువైతే తప్ప డంపింగ్ వ్యతిరేక సుంకం వేయకూడదు.

సరుకుకు స్వదేశంలో గిరాకీ అంతంతమాత్రమైతే మూడో దేశానికి అమ్మిన ధరను గాని, ఉత్పత్తి ఖర్చుకు లాభం కలిపిన అంకెను గాని తీసుకుంటారు. ఏ దేశాన్ని ఎంచారు, ఎంత లాభం కలిపారు అన్నదాన్ని బట్టి మార్జిన్ పెరుగుతుంది, తరుగుతుంది.

ఇంతకంటే అన్యాయమైన పద్ధతి జీరోయింగ్. ఒక రకంలో ఎగుమతిదారు 10 తక్కువకు, మరో రకంలో 10 ఎక్కువకు అమ్మితే నికర తేడా సున్నా కావాలి. జీరోయింగ్‌లో ఎక్కువకు అమ్మినదాన్ని సున్నాగా రాసి, తక్కువకు అమ్మినదాన్ని మాత్రం పూర్తిగా లెక్కిస్తారు. మన నూలు దుప్పట్లు, దిండు గలేబులపై 1997లో యూరోపియన్ కమ్యూనిటీ ఈ లెక్కతో సుంకం వేయగా భారతదేశం సవాలు చేసింది. అది ఒప్పందానికి విరుద్ధమని 2001 మార్చిలో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు మండలి తేల్చింది.

భారతదేశంలో

కస్టమ్స్ టారిఫ్ చట్టానికి 1982లో సవరణ, 1985లో నిబంధనలు వచ్చినా, సరళీకరణ దాకా అవి కాగితాల మీదే ఉన్నాయి. మొదటి కేసు పీవీసీ రెజిన్‌పై అంటారు. 1992 అని, 1993 అని రెండు తేదీలు కనిపిస్తాయి. దర్యాప్తు మొదలైన ఏడు ఒకటి, సుంకం పడిన ఏడు మరొకటి కావడమే బహుశా కారణం. ఇప్పుడు దర్యాప్తు చేసేది 2018లో ఏర్పడిన వాణిజ్య నివారణల డైరెక్టరేట్ జనరల్. సుంకం విధించే అధికారం ఆర్థిక శాఖది. 1995 తరువాత ఈ ఆయుధాన్ని అందరికంటే ఎక్కువగా వాడిన దేశం మనదే.

రొయ్యల కేసు

తెలుగునాట డంపింగ్ సెగ సూటిగా తాకింది చెరువు గట్టును. అమెరికా మత్స్యకారుల ఫిర్యాదుపై 2005 ఫిబ్రవరిలో భారత్, చైనా, థాయిలాండ్, వియత్నాం, ఈక్వెడార్, బ్రెజిల్ రొయ్యలపై సుంకపు ఉత్తర్వులు వెలువడ్డాయి. భారత్‌లో విడిగా రేటు నిర్ణయించని కంపెనీలకు అది సుమారు 10 శాతం. అప్పటికి కోస్తాలో టైగర్ రొయ్యదే రాజ్యం, వనామీ రకం సాగు ఇంకా విస్తరించలేదు.

ఈ సుంకం కట్టేది అమెరికా దిగుమతిదారు. ముందు డిపాజిట్ కడతాడు, అసలు రేటు తరువాతి సమీక్షల్లో తేలుతుంది. అందాకా ఆ అనిశ్చితి బరువు రైతుకు ఇచ్చే కొనుగోలు ధర మీద పడుతుంది. ఆ ధర కౌంటును బట్టి ఉంటుంది: కిలోకు ముప్పై రొయ్యలు తూగితే 30 కౌంటు, వంద తూగితే 100 కౌంటు. వలేసి తీసిన రొయ్యను గట్టు మీదే తూచి కౌంటు రేటు చెబుతారు. మేత, సీడు, ఏరేటర్లకు కరెంటు ఖర్చు అప్పటికే పెట్టేసిన రైతు, పట్టుబడి రోజున బేరం వదులుకుని చెరువును అలా ఉంచేయలేడు. వేలాది మైళ్ల అవతల వేసిన లెక్కలో అతని మాట ఎక్కడా నమోదు కాదు. ఈ కేసులో పెద్ద అన్యాయం అదే.

వసూలైన సుంకాన్ని ఫిర్యాదు చేసినవారికే పంచే బర్డ్ సవరణ కూడా అప్పుడు అమల్లో ఉంది. అది చెల్లదని ప్రపంచ వాణిజ్య సంస్థ 2003లోనే తేల్చినా, అమెరికా కాంగ్రెస్ రద్దు చేసింది 2006లో. దిగుమతిదారుల నుంచి అదనపు బాండ్లు కోరడాన్ని భారత్ సవాలు చేసి 2008లో నెగ్గింది.

జీరోయింగ్ వాదనతోనే గెలిచి ఈక్వెడార్ 2007లో ఉత్తర్వు నుంచి బయటపడింది. 2017 సమీక్షలో బ్రెజిల్ తప్పుకుంది. 2023 సమీక్ష తరువాత కూడా భారత్ జాబితాలోనే ఉంది.