కంటి లెన్సు కథ: గోడ మీది అక్షరాలు, ఒళ్ళోని పుస్తకం

మూడు నెలలుగా మా పోస్టు ఏదీ రాలేదని కొందరు ఫోన్ చేసి అడిగినారు. ఒంటికి బాగానే ఉంది. కంటికే బాగాలేదు. ఎడమ కంటికి శుక్లం తీసి లెన్సు పెట్టినారు. ఆసుపత్రి పేరు చెప్పము, ఇది ఫిర్యాదు కాదు. ("మేము" అని ఎందుకు రాస్తారని మా మనవరాలు నవ్వుతుంది. రైల్వేలో ముప్పై ఆరేళ్ళు ఆఫీసు తరఫున ఉత్తరాలు రాసిన చెయ్యి, ఇక మారదు.)

ఆపరేషన్ అయిన వారానికి గోడ మీది చార్టు చదివించినారు. కడపటి వరుస దాకా చదివినాము. "6/6, మొదటి తరగతి" అని డాక్టరు సంతోషించినారు. ఇంటికి వచ్చి మా తాత లెక్కల పుస్తకం తెరిచినాము. ఒక్క అక్షరం కూడా నిలవలేదు.

ఆ పుస్తకం సంగతి పాత సభ్యులకు తెలుసు. మా తాత కోవిల్పట్టి పక్క కరిసల్ నేలలో పత్తి వ్యాపారం చేసినవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో తమిళం, లెక్కలు మాత్రం తెలుగు అక్షరాల్లో. మా నాన్న కాలానికే ఆ అక్షరాలు ఇంట్లో పోయినాయి. మేము చదివింది అంతా తమిళ మీడియం. రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, ఆ పుస్తకం చదవాలనే ఒకే కారణానికి, 58 ఏళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దినాము. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం చాలు. తెలుగులో ద కింద చిన్న గీత ఉంటే ధ, నడుమ చుక్క కూడా ఉంటే థ. ఆ గీత, ఆ చుక్క కనపడకపోతే పేరు మారిపోతుంది. పుస్తకం సగం దాకా వచ్చినాము. అక్కడ ఆగింది.

చార్టు చదివిన కన్ను పుస్తకం ఎందుకు చదవలేదు? ఈ ప్రశ్న పట్టుకుని మూడు నెలలు, మనవరాలి చేత చదివించుకుంటూ, లెన్సు చరిత్ర అంతా తిరిగినాము. మనలో అరవై దాటినవాళ్ళు సగానికి పైన ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళో, చేయించుకోబోయేవాళ్ళో. అందుకే రాస్తున్నాము.

పాత కాలంలో శుక్లాన్ని బయటికి తీసేది లేదు. సూదితో కంటిలోపల చూపుకు అడ్డం లేకుండా పక్కకు తోసేవారు. సుశ్రుత సంహితలో ఈ పద్ధతి ఉంది. తోసిన వెంటనే వెలుతురు కనపడేది, వేళ్ళు లెక్కపెట్టవచ్చు. వాపు, కంటిలో ఒత్తిడి తర్వాత వచ్చేవి. అప్పటికి సూది వేసిన ఊరూరి వైద్యుడు ఇంకో ఊరు చేరి ఉండేవాడు. మద్రాసు కంటి ఆసుపత్రి 1819లో మొదలైంది, ప్రపంచంలోని పాత కంటి ఆసుపత్రుల్లో ఒకటి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాని పెద్దగా ఉన్న ఆర్.హెచ్. ఎలియట్, ఇలా సూది వేయించుకుని చూపు చెడి వచ్చినవాళ్ళను వందల మందిని పరీక్షించి, ఆ వివరాలతో ఒక పుస్తకమే రాసినారు. మాకు అందులో నచ్చింది ఒకటి. ఆపరేషన్ నాడు ఏమి కనపడింది అని ఆగకుండా, తర్వాత ఏమైంది అని లెక్క తీసినారు. తంజావూరులో అంతకు ముందే శరభోజి మహారాజు (పాలన 1798–1832) రోగుల కళ్ళను రంగుల్లో బొమ్మలు గీయించి, వైద్యం వివరాలు రాయించి పెట్టినారు. అవి ఇప్పటికీ సరస్వతి మహల్‌లో ఉన్నాయి. తంజావూరు పోయే సభ్యులు గుడి చూసి తిరిగి వచ్చేస్తారు. ఇది కూడా విచారించండి.

శుక్లాన్ని కోసి బయటికి తీయడం 1747లో ఫ్రాన్సులో జాక్ దవియేల్ మొదలుపెట్టినారు. బయటికి తీసినంత మాత్రాన చూపు రాదు. కంటిలో ఉండే సహజ లెన్సే పోయింది కదా. దానికి బదులు ముక్కు మీద దళసరి అద్దం పెట్టాలి, సుమారు ప్లస్ 10. సోడాబుడ్డి కళ్ళద్దాలు అని మనం పిల్లలప్పుడు నవ్విన అద్దాలు అవే.

మా అవ్వకు 1974లో, ఊరి బడిలో జరిగిన కంటి క్యాంపులో ఆపరేషన్ అయింది. బల్లలు బయట వేసి, తరగతి గదిలో చాపల మీద వరుసగా పడుకోబెట్టినారు. తల కదపకూడదు. ఇరుపక్కలా ఇసుక మూటలు. తర్వాత ఇచ్చిన అద్దంలో లోకం అంతా పావు వంతు పెద్దగా కనపడేది. లోటాలో నీళ్ళు పోస్తే పక్కన పడేవి. గడప ఎక్కడుందో కాలికి తెలిసేది కాదు. నేరుగా చూస్తే మనిషి ఉండేవాడు, కొంచెం పక్కకు పోతే మాయమై, మళ్ళీ ఉన్నట్టుండి ఎదురుగా వచ్చేవాడు. దళసరి అద్దం అంచు చుట్టూ చూపు లేని ఒక వలయం ఉంటుందని, అందుకే అలా అని ఇప్పుడు తెలిసింది. అప్పుడు మేమంతా అవ్వకు మతి చెడింది అనుకున్నాము. ఒకసారి అద్దం పగిలింది. కొత్తది వచ్చేదాకా రెండు నెలలు ఆమె మళ్ళీ చీకట్లో కూర్చుంది. క్యాంపు రిజిస్టరులో మాత్రం ఆమెది విజయవంతమైన ఆపరేషన్ అనే రాసి ఉంటారు.

ఆ అద్దాన్ని కంటి లోపలే పెడితే ఏమి? దీన్ని చేసి చూపినవారు లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రి డాక్టరు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కప్పు పగిలి, ఆ పెర్‌స్పెక్స్ ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్ళలో దిగినాయి. పదునైన అంచు తగలకుండా ఒకచోట నిలిచిన ముక్కలను కన్ను సహించింది. ఇది రిడ్లీ మనసులో ఉంది. ఒకనాడు ఆపరేషన్ చూస్తున్న వైద్య విద్యార్థి, తీసినదాని బదులు కొత్త లెన్సు పెట్టరా అని అడిగినాడట. 1949 నవంబరు 29న 45 ఏళ్ళ ఒక ఆడమనిషికి శుక్లం తీసినారు. లెన్సు నిలకడగా అమర్చింది 1950 ఫిబ్రవరి 8న.

ఆ మొదటి మనిషికి వచ్చిన పవరు ఎంతో తెలుసా? మైనస్ 18, దాని మీద 6 పాయింట్ల వంకర పవరు. మనవరాలు తప్పు చదివిందేమో అని రెండోసారి చదివించినాము. లెన్సు లేకపోతే ప్లస్ 10 అద్దం కావాలి, లెన్సు పెట్టినాక మైనస్ 18 అద్దం కావాలి! కారణం ఇది. సహజ లెన్సు ఆకారాన్ని చూసి అదే వంపుతో ప్లాస్టిక్ లెన్సు చేసినారు. కానీ ఆ ప్లాస్టిక్ సహజ లెన్సు కంటే వెలుతురును ఎక్కువగా వంచుతుంది. ఆకారం ఒకటే, పవరు చాలా ఎక్కువ. రిడ్లీ దాన్ని దాచి పెట్టి మానుకోలేదు. కొలత తప్పిందని ఒప్పుకుని వంపు తగ్గించి మళ్ళీ చేయించినారు. 1951లో బయటపెడితే, బ్రిటన్ కంటి డాక్టర్లలో అప్పటి పెద్ద సర్ స్టీవర్ట్ డ్యూక్-ఎల్డర్ గట్టిగా వ్యతిరేకించినారు. ఎన్నో ఏళ్ళు అవమానంతోనే గడిచినాయి. 1990లలో రిడ్లీకే శుక్లం వచ్చి, అదే సెయింట్ థామస్‌లో రెండు కళ్ళకూ లెన్సులు పెట్టినారు. 2000లో సర్ బిరుదు, 2001లో మరణం.

ఆ మొదటి ఆడమనిషి ఏమనుకుందో ఎక్కడైనా ఉందా అని వెతికినాము. మాకు దొరికినవాటిలో అంకెలు ఉన్నాయి, ఆమె మాట లేదు.

తర్వాతి కథ కొలతల కథ. గుమాస్తాకు ఇష్టమైనది. కంటి పొడవు ఎంత, నల్లగుడ్డు ముందరి పొర వంపు ఎంత అని కొలిచి, ఏ పవరు లెన్సు పెట్టాలో ముందే లెక్క కట్టాలి. 1967లో రష్యాలో ఫ్యోదరోవ్ సూత్రం రాసినారు. 1980లో అమెరికాలో సాండర్స్, రెట్జ్‌లాఫ్, క్రాఫ్ అనే ముగ్గురు ఎంతో సులువైన లెక్క ఇచ్చినారు. లెన్సు రకానికి ఒక అంకె, 118.4 అనుకోండి. అందులోనుండి కంటి పొడవును రెండున్నరతో గుణించి తీసెయ్యాలి, పొర వంపును 0.9తో గుణించి తీసెయ్యాలి. పొడవు 23.5 మిల్లీమీటర్లు, వంపు 43.5 అయితే 58.75, 39.15 పోగా 20.5 పవరు లెన్సు. పార్సెల్ ఆఫీసులో తూకం, దూరం చూసి ఛార్జీ కట్టినట్టే ఉంది. పొడవు ఒక్క మిల్లీమీటరు తప్పు కొలిస్తే లెన్సు పవరులో రెండున్నర తేడా. ఇప్పుడు ఇంకా నాణ్యమైన సూత్రాలు, వెలుతురుతో కొలిచే యంత్రాలు వచ్చినాయి. అయినా పావు, అర పాయింటు అటూఇటూ పోవడం మామూలే.

ఇక లెన్సు ధర. మన మదురైలో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టినారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర తిరిగిన మనిషి, ఆ వేళ్ళతోనే కత్తి పట్టడం నేర్చుకున్నవారు. ఎట్టయపురం పక్క వడమలాపురం ఆయన ఊరు, మా తాత పత్తి కొన్న సీమ. 1992లో ఆరోలాబ్ మొదలై లెన్సులు ఇక్కడే తయారైనాక, విదేశీ ధరలో చిన్న భాగానికే లెన్సు దొరికింది. సోడాబుడ్డి కాలం దానితో పోయింది. మా అవ్వ అప్పటికి లేదు.

ఇప్పుడు మా కన్ను సంగతి. మా కంట్లో కొలత తప్పలేదు. అదే విచిత్రం. లెక్క సరిగ్గా కట్టి, దూరం చూపుకు సున్నా పవరు వచ్చేలా పెట్టినారు. వచ్చింది కూడా సున్నానే. కానీ మేము పుట్టు మైనస్ మనిషి, రెండు కళ్ళకూ మైనస్ 4. బండి చూడాలంటే అద్దం పెట్టుకుంటాము. లెడ్జరు చదవాలంటే అద్దం తీసేసి జానెడు దూరంలో పెట్టుకుని చదువుతాము. మైనస్ 4 కంటికి సరిగ్గా ఆ జానెడు దూరంలోనే అక్షరం స్పష్టం. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగం, ఆ తర్వాత తాత పుస్తకం, అంతా ఆ జానెడులోనే. ఆపరేషన్ ఆ జానెడును తీసుకుని దూరాన్ని ఇచ్చింది. పెట్టిన లెన్సు ఒకే దూరానికి నిలిచే రకం, అది తనంతట దగ్గరికి సర్దుకోదు. మీరు రోజంతా చూసేది దూరమా దగ్గరా అని ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. గోడ మీది చార్టు 1862లో హాలండ్ డాక్టరు స్నెల్లెన్ ఇచ్చినది, ఆరు మీటర్ల దూరానికి. రైల్వే మెడికల్‌లో డ్రైవరుకు ఏ-1 ఇచ్చేటప్పుడు అది సరే, సిగ్నల్ దూరంలోనే ఉంటుంది. గుమాస్తా పుస్తకం ఒళ్ళో ఉంటుంది.

పైగా ఎడమ కన్ను సున్నా, కుడి కన్ను ఇంకా మైనస్ 4. అద్దం వేస్తే రెండు కళ్ళకు రెండు సైజుల బొమ్మ. మెట్లు దిగేటప్పుడు అవ్వ గుర్తుకు వచ్చింది.

కోపంతో ఒక నెల ఆసుపత్రి ముఖం చూడలేదు. ఇది మా తప్పు, ఎవరూ చేయకండి. చివరికి మా ఇంటావిడ తాత పుస్తకాన్ని సంచిలో వేసి, "చార్టు వద్దు, దీన్ని చూపించు" అని పంపింది. అక్కడ పవరు చూసే చిన్న అమ్మాయి పుస్తకాన్ని ఒళ్ళో పెట్టించి, టేపుతో దూరం కొలిచింది. ఎడమ కంటికి చదివే అద్దం రాసింది. కుడి కంటికి రేపు ఆపరేషన్‌లో సున్నా బదులు మైనస్ రెండున్నర వదిలితే, ఆ కన్ను మూర దూరంలో అద్దం లేకుండా చదువుతుంది, ఎడమ కన్ను దూరం చూసుకుంటుంది అని చెప్పింది. అందరికీ పడదు, ముందు చూద్దాం అని పరీక్ష ఫ్రేములో కుడి పక్క మైనస్ ఒకటిన్నర అద్దం వేసి గంటసేపు నడిపించింది. వరండాలో తిరిగినాము, మెట్లు ఎక్కి దిగినాము, గడియారం చూసినాము. మొదట తల కొంచెం తిరిగింది. తర్వాత సర్దుకుంది. పుస్తకం కొంచెం దూరంగా పట్టి చదివినాము. కుడి కంట్లో శుక్లం మొదలై కొంచెం మసక. అయినా ద వేరు, ధ వేరు.

మనవాళ్ళు అడిగే ఇంకో మాట, రెండేళ్ళకు శుక్లం మళ్ళీ వచ్చిందని. పెట్టిన లెన్సుకు శుక్లం రాదు. దాని వెనకాల మిగిల్చిన సహజ పొర మసకబారుతుంది. 1980ల మొదటినుండి లేజరుతో, కత్తి లేకుండా, కొన్ని నిమిషాల్లో దానికి దారి చేస్తున్నారు. రాత్రి దీపాల చుట్టూ వలయాలు చాలామందికి నెలల్లో తగ్గుతాయి. చక్కెర జబ్బుతో వెనకాల రెటీనా చెడి ఉంటే మాత్రం లెన్సు ఎంత మంచిదైనా చూపు అంతే, దాన్ని విడిగా చూపించాలి. నొప్పి, ఎరుపు, మెరుపులు, తెర పడినట్టు నీడ, ఉన్నట్టుండి చూపు తగ్గడం, వీటిలో ఏది వచ్చినా అదే రోజు పోవాలి. మాలాగా కోపంతో ఇంట్లో కూర్చోకూడదు.

కుడి కంటికి వచ్చే నెల తేదీ ఇచ్చినారు. ఫారంలో "మైనస్ 2.5, చదవడానికి" అని మా ఎదురుగా రాయించుకుని సంతకం పెట్టినాము.

పుస్తకంలో మేము ఆగిన పేజీలో పత్తి "బారువ" లెక్కలు ఉన్నాయి, పక్కన ఒక పేరు పదేపదే వస్తుంది. ఫోటో తీసి కింద పెట్టినాము, వేళ్ళతో పెద్దది చేసి చూడవచ్చు. సాత్తూరు, విరుదునగర్ పక్క సభ్యుల ఇళ్ళలో ఇలాంటి పాత లెక్కల పుస్తకాలు ఉంటే, బారువకు ఎన్ని మణుగులు కట్టినారో చూసి చెప్పండి.