కొరెగిడోరు మోర్టారులు

ఫిలిప్పీన్సులో మనీలా అఖాతము వాకిట కొరెగిడోరు అను చిన్న ద్వీపము గలదు. శత్రునౌకలను నిరోధించుటకై అమెరికావారు 20వ శతాబ్దారంభమున అచట లోతైన గుంటలలో 12 అంగుళముల మోర్టారులను నిలిపిరి. మోర్టారు గుండు మింటికెగసి, నౌక ప్రక్కలనున్న దళసరి కవచమును విడిచి, పలుచని పైతట్టుపై పడును. వాల్మీకి వర్ణించిన లంకలోని శతఘ్నులకు ఇట్టి యుపాయము కలదో లేదో! ఓడలనుండి తిన్నగా వచ్చు గుండ్లు గుంటలోనివారిని తాకజాలవు. అయితే గుంటకు కప్పు లేదు.

1942లో జపాను నౌకాదళము ఆ వాకిటికి రాలేదు. ఏప్రిల్ 9న ఎదుటనున్న బతాను ద్వీపకల్పము లొంగిపోగా, జపానువారు అచట ఫిరంగులను నిలిపి, అదే పద్ధతిని గుండ్లను పైనుండి కురిపించిరి. మే 2న ఒక గుండు గియరీ బ్యాటరీ మందుగుండుకొట్టును భేదించెను. టన్నులకొలది బరువుగల మోర్టారులు చెల్లాచెదరయ్యెను. ఒకటి గాల్ఫు మైదానమున పడెను. వే బ్యాటరీలోని నాలుగింట తుదకు పనిచేసినది ఒక్కటే. మే 6న అదియు మూగవోయెను; నాడే ద్వీపము లొంగెను.