ప్రజల కారు: చెప్పినవారొకరు, చేసినవారొకరు

జర్మనీ దేశమున 1933వ సంవత్సరమందు 'ప్రజల రేడియో' అను పేరుతో ఒక చవుక రేడియో పెట్టె వెలువడెను. దాని వెల 76 మార్కులు. దానిని ఇంటింటికిని చేర్చుటకు నాజీ ప్రభుత్వము మిక్కిలి శ్రద్ధ వహించెను. ఏలయన ఆ పెట్టెనుండి వెలువడు కంఠము ఏలికలదే. అదే ప్రభుత్వము జనులకు 'ప్రజల కారు'ను గూడ ఇత్తునని వాగ్దానము చేసెను. రేడియో వచ్చినది, కారు రాలేదు. అది జనుల చేతికి వచ్చినది ఆ ప్రభుత్వము కూలిన పిమ్మట, నగరములు శిథిలములై యున్న దినములలో, శత్రువులుగా వచ్చిన సైనికుల పర్యవేక్షణమున. ఫోక్స్‌వాగన్ అను ఆ చిన్న కారు తొలినాళ్ళ వృత్తాంతమును ఈ ప్రసంగమున మనవి చేయుచున్నాము.

ఫెర్డినాండ్ పోర్షె అను ఇంజనీరుకు 1934 జూన్ నెలలో ఈ కారును రూపొందించు పని అప్పగింపబడెను. వెల 990 మార్కులకు మించరాదని హిట్లరు పట్టుబట్టెను. ఆ వెలకు గిట్టుబాటు కాదని తక్కిన కారు తయారీదారులు వెనుదీసిరి. అందుచేత, కార్మిక సంఘములను రద్దుచేసి వాని స్థానమున నాజీలు నెలకొల్పిన కార్మిక కూటమియే ఆ పనికి పూనుకొనెను. 1938 మే 26వ తేదీన ఫాలర్స్‌లెబెన్ సమీపమున గొప్ప ఆర్భాటముతో ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగెను. సామాన్యులకొరకు ఒక పొదుపు పథకము గూడ ఏర్పడెను. వారమునకు 5 మార్కుల స్టాంపు కొని పుస్తకమున అంటించుచు పోయినచో 198 వారములకు కారు వెల పూర్తియగును. కట్టిన సొమ్ముపై వడ్డీ లేదు. సుమారు 3,36,000 మంది ఈ పథకమున చేరిరి. వారిలో ఒక్కరికిని కారు దక్కలేదు.

1939లో యుద్ధము వచ్చెను. ప్రజల కారుకొరకు కట్టిన ఫ్యాక్టరీ సైన్యమునకు కుబెల్‌వాగన్ అను మోటారు బండ్లను, ఇతర యుద్ధసామగ్రిని చేయసాగెను. పౌరుల నమూనా కార్లు యుద్ధకాలమంతటను కొన్ని వందలు మాత్రమే తయారయ్యెను. అవియు అధికారులకును, వారి ఆప్తులకును చేరెను. ఫ్యాక్టరీలో పనిచేసినవారిలో పెక్కుమంది స్వేచ్ఛగా వచ్చినవారు కారు. ఆక్రమిత దేశములనుండి బలవంతముగా తేబడిన స్త్రీపురుషులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరములందలి బందీలు, అందరును కలిసి సుమారు 20,000 మంది అచట వెట్టిచాకిరి చేసిరి. ఆ శ్రామిక స్త్రీల బిడ్డలను తల్లులనుండి వేరుచేసి ఉంచిన శిశుగృహమున పసికందులు వందలకొలది మరణించిరి. ఈ కారు చరిత్రను ముచ్చటగా చెప్పువారు ఈ పుటను దాటివేయుట కద్దు. మేము దాటివేయజాలము.

1945 ఏప్రిల్ 11వ తేదీన అమెరికను సేనలు ఆ పట్టణమును చేరెను. మే నెలలో ఆ ఊరికి వుల్ఫ్స్‌బర్గ్ అను నూతన నామము కలిగెను. పిదప ఆ ప్రాంతము బ్రిటిషువారి అధీనమయ్యెను. ఫ్యాక్టరీ కప్పులు బాంబులకు చిల్లులు పడియుండెను. దానిని విడగొట్టి నష్టపరిహారము క్రింద తరలింపవలెనను ఆలోచనయు ఉండెను. ఆగస్టు నెలలో అయివన్ హర్స్ట్ అను మేజరు అచటికి వచ్చెను. ఆయన బ్రిటిషు సైన్యపు ఇంజనీరు. బ్రిటిషు సైన్యమునకు ఆ సమయమున వాహనముల కొరత మెండు. ఒక పాత కారునకు సైన్యపు రంగు వేయించి ప్రధాన కార్యాలయమునకు పంపగా, అధికారులు మెచ్చి 20,000 వాహనములకు ఉత్తర్వు చేసిరి. ఆ ఉత్తర్వే ఫ్యాక్టరీ ప్రాణమును నిలిపినది.

1945 డిసెంబరు 27వ తేదీన వరుస ఉత్పత్తి ఆరంభమయ్యెను. ఆ సంవత్సరాంతమునకు పూర్తియైనవి 55 కార్లు మాత్రమే. మరుసటి సంవత్సరము సుమారు 10,000. ఈ అంకెల వెనుక ఎంత పాటు కలదో గమనింపవలెను. ఉక్కు లేదు, బొగ్గు లేదు, పనివారికి చాలినంత తిండియు లేదు. కార్బురేటరులు దొరకనప్పుడు వాని పెద్ద భాగములను ఫ్యాక్టరీలోనే పోతపోసి, సన్నని భాగములను బ్రౌన్‌ష్వైగ్ నగరమునందలి ఒక కెమెరా కంపెనీచే చేయించిరి. కొన్ని కార్లను కుబెల్‌వాగన్ చట్రములపైననే కూర్చిరి. 1946–47 శీతకాలమున బొగ్గు లేక పని ఆగిపోయెను. ఇన్ని ఇక్కట్ల నడుమనే హర్స్ట్ తనిఖీ శాఖను కట్టుదిట్టము చేసి, మరమ్మతు సేవను నెలకొల్పెను. లోపమున్న కారు బయటికి పోరాదను నియమమునకు అప్పుడే పునాది పడెను.

ఇక కారు సంగతి. ఇంజను వెనుకభాగమున ఉండును. దాని నాలుగు సిలిండర్లు రెండేసి చొప్పున ఎదురెదురుగా పరుండియుండును. పరిమాణము 1,131 ఘన సెంటీమీటర్లు, శక్తి 25 అశ్వములు, వేగము గంటకు సుమారు 100 కిలోమీటర్లు. ఇంజనును చల్లబరచునది గాలియే. నీరు లేదు గనుక గడ్డకట్టుట లేదు. షెడ్డు లేని పేదవాడు మంచులో వీధిని నిలిపినను ఉదయమున కారు కదలును. వెనుక అద్దము రెండు తునుకలుగా నుండెడిది. జంతికవలె మెలిపెట్టిన తమ రొట్టె ఒకటి గుర్తునకు వచ్చి జర్మనులు ఆ కార్లకు దాని పేరే పెట్టిరి. మలుపు తిరుగునపుడు ప్రక్కనుండి చిన్న చేయివంటి సూచిక పైకి లేచెడిది. పెట్రోలు ఎంత యున్నదో చూపు ముల్లు లేదు; ఇంజను తడబడినప్పుడు డ్రైవరు కాలియొద్ద పిడి త్రిప్పి నిలువయుంచిన పెట్రోలును వదలుకొనవలెను. బ్రేకులు ఉక్కు తీగలతో లాగబడునవి. గేరు మార్చుటకు నేర్పు కావలెను.

ఈ మోటు కారును లోకమునకు ఒప్పించినవాడు హైన్‌రిహ్ నోర్డ్‌హోఫ్. 1948 జనవరిలో ఆయన ఫ్యాక్టరీ అధిపతి యయ్యెను. రూపమును ఏటేట మార్చు ఆడంబరమును కాదని, లోపలి భాగములను ఒక్కొక్కటిగా చక్కదిద్దుటయే ఆయన పద్ధతి. 1948 జూన్‌లో నూతన నాణెము చెలామణికి వచ్చిన పిమ్మట ఉత్పత్తి పుంజుకొనెను. ఆ యేడు 19,000 పైచిలుకు కార్లు రాగా, 1949లో 46,000 పైచిలుకు వచ్చెను. 1949 జూలైలో మెరుగుపెట్టిన రంగులతో, తళతళలాడు లోహపు అంచులతో ఎగుమతి నమూనా వెలువడెను. మరుసటి సంవత్సరము దానికి ద్రవపు వత్తిడితో పనిచేయు బ్రేకులు వచ్చెను. 1952లో గేరుపెట్టె మెత్తబడెను. 1953 మార్చిలో వెనుక అద్దము ఒక్కటే అయ్యెను. 1955 ఆగస్టు 5వ తేదీన పదిలక్షల కారు బయటికి వచ్చెను. బ్రిటిషువారు 1949 అక్టోబరులోనే ఫ్యాక్టరీని జర్మనులకు అప్పగించి తప్పుకొనియుండిరి. దానిని ఉచితముగా గొనిపోవుటకు గూడ వారి దేశపు కారు కంపెనీలు మొగ్గుచూపలేదు.

మరి స్టాంపులు అంటించినవారి గతి యేమి? వారి సొమ్ము యుద్ధాంతమున బెర్లిన్ బ్యాంకుతోపాటు చేజారెను. వారు 1948లో సంఘముగా ఏర్పడి న్యాయస్థానముల మెట్లెక్కిరి. వ్యాజ్యము పుష్కరకాలమునకు మించి సాగి 1961లో రాజీ కుదిరెను: పుస్తకము నింపినవారికి నూతన కారు వెలలో 600 మార్కుల వరకు తగ్గింపు, కారు వలదన్నవారికి 100 మార్కుల వరకు రొక్కము. వెట్టిచాకిరి చేసినవారు అంతకన్నను ఎక్కువ కాలము వేచియుండవలసి వచ్చెను. కంపెనీ వారికొరకు సహాయనిధిని నెలకొల్పినది 1998లో. ఫ్యాక్టరీ ఆవరణమునందలి పాత బాంబుల ఆశ్రయమున స్మారకస్థలము తెరువబడినది 1999లో. అప్పటికి వారిలో పలువురు గతించియుండిరి.

ఆ కారు రూపము 2003 జూలై 30వ తేదీన మెక్సికోలోని పుఎబ్లా ఫ్యాక్టరీలో కడసారి తయారయ్యెను. అప్పటికి లెక్క 2,15,29,464. శంకుస్థాపననాడు వాగ్దానము చేసినవారు వీనిలో ఒక్కదానినైనను పొదుపు చేసినవారికి ఈయలేదు. కప్పు కారుచున్న షెడ్డులో, అరకడుపు తిండితో, లోపమున్న భాగమును ప్రక్కకు తీసి మరల చేసిన పనివారే ఈ లెక్కను మొదలిడిరి. వారిచేతినుండి వచ్చిన తొలి కార్లు నేడు ప్రదర్శనశాలలలో నిగనిగలాడుచున్నవి. వాని ప్రక్కన ఆ స్టాంపుల పుస్తకమొకటి ఉంచినగాని చరిత్ర పూర్తి కాదని మా తలంపు.